పాసివ్ తర్వాత ‘టు’ ఎక్కణ్ణించి ఊడిపడుతుంది?

సందేహాల_పుట్ట
ఆఫీసు మెయిల్ రాస్తూ మధ్యలో ఆగాను. "దే మేడ్ అస్ వెయిట్" అన్నప్పుడు ‘వెయిట్’ ముందు ‘టు’ లేదు. అదే వాక్యాన్ని పాసివ్‌లోకి తిప్పితే "వి వర్ మేడ్ టు వెయిట్" అవుతోంది. ‘టు’ తీసేసి రాస్తే సాఫ్ట్‌వేర్ కింద గీత గీస్తోంది. పోనీ ‘లెట్’ కూడా ఇదే జాతి కదా అని "వి వర్ లెట్ టు లీవ్" అని రాసి చూస్తే అది మరీ ఎబ్బెట్టుగా ఉంది. దీనికేమన్నా సూత్రం ఉందా, లేక బట్టీ పట్టడమేనా?

పాతకలం
కొంత సూత్రం, కొంత బట్టీ.

‘మేక్’, ‘సీ’, ‘హియర్’ మూడూ మామూలు వాక్యంలో ‘టు’ని దగ్గరికి రానివ్వవు. పాసివ్‌లో మాత్రం అది లేందే కదలవు. "హి వాజ్ మేడ్ టు సైన్", "షి వాజ్ సీన్ టు ఎంటర్ ది రూమ్", "దే వర్ హర్డ్ టు ఆర్గ్యూ". ‘హెల్ప్’కి మామూలు వాక్యంలో రెండు పద్ధతులూ చెల్లుతాయి, పాసివ్‌లో ‘టు’ ఉండాల్సిందే: "హి వాజ్ హెల్ప్డ్ టు స్టాండ్".

‘లెట్’ పాసివ్‌కి లొంగే రకం కాదు. "వాజ్ లెట్ గో" అనే జంట ఒకటుంది గానీ, అది వదిలిపెట్టారనో ఉద్యోగంలోంచి తీసేశారనో చెప్పే పలుకుబడి. మిగతా చోట్ల దాని పని ‘అలౌ’ చేసిపెడుతుంది: "వి వర్ అలౌడ్ టు లీవ్".

ఇక ఆ ‘టు’ ఊడిపడింది కాదు, మిగిలిపోయింది. ఒకప్పుడు ‘మేక్’ తర్వాత మామూలు వాక్యంలోనూ వచ్చేది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్‌లో 23వ కీర్తన తీసి చూడండి, "హి మేకెత్ మి టు లై డౌన్" అని ఉంటుంది. కాలక్రమంలో మామూలు (కర్తరి) వాక్యంలోంచి రాలిపోయింది, పాసివ్‌లో అలాగే ఉండిపోయింది.

చదువరి
"సీన్ టు ఎంటర్" అని ఎవరైనా మాట్లాడగా నేనైతే వినలేదు. "సీన్ ఎంటరింగ్" అనే వింటాను. రెండూ ఒకటేనా?

అనువాదకురాలు
చదువరి గారూ, ఒకటి కాదు, కానీ చాలా చోట్ల ఒకదాని బదులు ఇంకోటి వాడినా కొంప మునగదు. "హి వాజ్ సీన్ లీవింగ్ ది బిల్డింగ్" అంటే వెళ్తూ ఉండగా చూశారు, పూర్తిగా వెళ్లాడో లేదో మనకెందుకు. "హి వాజ్ సీన్ టు లీవ్" అంటే మొదలు నుంచి చివరి దాకా, వెళ్లిపోవడం మొత్తం చూశారు. ఇది సాక్షి వాంగ్మూలం లాంటి భాష. అందుకే మీకు మాటల్లో వినపడదు. ‘వాచ్’ అయితే ఈ రూపానికి అసలే రాదు, "వాజ్ వాచ్డ్ టు లీవ్" ఎవరూ అనరు.

‘సీన్ టు’కి మంచి గిరాకీ ఉన్న చోటు మాత్రం ఒకటుంది. 1924లో ఇంగ్లండ్‌లో ఒక మోటార్‌సైకిల్ ప్రమాదం కేసు పై కోర్టుకు వచ్చింది. కింది కోర్టులో న్యాయమూర్తులతోపాటు లోపలి గదిలోకి వెళ్లిన గుమాస్తా, అవతలి పక్షం తరఫున పనిచేస్తున్న న్యాయవాద సంస్థలో సభ్యుడు. అతను లోపల నోరు విప్పలేదని తేలినా సరే, లార్డ్ చీఫ్ జస్టిస్ హ్యూవర్ట్ శిక్ష కొట్టేశారు. న్యాయం జరగడమే కాదు, జరిగినట్టు కళ్లకు కనపడాలి అన్నారు. ఆ వాక్యం చివర ఉన్న ముక్క "బి సీన్ టు బి డన్". పాసివ్ క్రియ, దాని వెనకాలే పాసివ్ ఇన్ఫినిటివ్ (‘టు’తో వచ్చే క్రియారూపం). "ఎంటరింగ్" లాంటి రూపం అక్కడ పెట్టి చూడండి, మాట మొత్తం చచ్చిపోతుంది.

ఉత్తరాల_గుమాస్తా
మంచి చర్చ మొదలైంది కాబట్టి నా గోడు కూడా వినండి. మా దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో రెండు వాక్యాలు పదే పదే కనిపిస్తాయి. "ఐ వాజ్ సజెస్టెడ్ టు అప్లై అగైన్" ఒకటి, "ఐ వాజ్ సెడ్ టు కమ్ ఆన్ మండే" రెండోది. తప్పని తెలుసు, దిద్దుతాను కూడా. ఎందుకు తప్పో రాసినవాళ్లకి చెప్పాలంటే మాత్రం మాట రాదు. ‘టోల్డ్’ అయితే ఒప్పు, ‘సెడ్’ అయితే తప్పు అంటే ఏం న్యాయం?

పాతకలం
న్యాయం ఉంది. పాసివ్‌లో ముందుకొచ్చి కూర్చునే మనిషి, మామూలు వాక్యంలో క్రియ పక్కనే నేరుగా ఉండగలగాలి. "దే టోల్డ్ మి టు కమ్", "దే ఆస్క్డ్ మి టు కమ్", "దే అడ్వైజ్డ్ మి టు కమ్" ఇవన్నీ నడుస్తాయి. ఆ ‘మి’ ముందుకెళ్లి ‘ఐ’ అవుతుంది. ‘ఆర్డర్’, ‘వార్న్’, ‘ఫోర్స్’, ‘రిక్వైర్’, ‘ఇన్వైట్’, ‘ఎంకరేజ్’ ఇదే వరస.

"దే సెడ్ మి టు కమ్", "దే సజెస్టెడ్ మి టు కమ్" ఇంగ్లిష్‌లో లేవు. లేని వాక్యాన్ని పాసివ్‌లోకి ఎలా తిప్పుతారు? కాబట్టి "ఐ వాజ్ అడ్వైజ్డ్ టు అప్లై అగైన్" అనండి, లేదా "ఇట్ వాజ్ సజెస్టెడ్ దట్ ఐ అప్లై అగైన్" అనండి. ‘రికమెండ్’ మాత్రం గోడ మీద పిల్లి, కొన్ని నిఘంటువులు ఒప్పుకుంటాయి. రాతలో తప్పించుకుంటేనే మేలు.

అనువాదకురాలు
మనవాళ్ల చేత ఈ తప్పు చేయించేది మన ‘అను’ ధాతువే అని నా అనుమానం. రమ్మన్నారు, కూర్చోమన్నారు, రాయమన్నారు. ఆజ్ఞైనా సలహాయైనా బతిమాలుకోవడమైనా ‘అన్నారు’తో సరిపెట్టేస్తాం. గొంతును బట్టి ఏదో తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి ‘అన్నారు’ కాస్తా ‘సెడ్’ అయిపోతుంది. గుమాస్తా గారూ, ఈసారి రాసినవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: అవతలివాళ్లు చెప్పారా, అడిగారా, సలహా ఇచ్చారా? జవాబును బట్టి ‘టోల్డ్’, ‘ఆస్క్డ్’, ‘అడ్వైజ్డ్’ వాటంతటవే వస్తాయి.

రాత్రిపక్షి
"ఐ వాజ్ సెడ్ టు కమ్" అసలు ఇంగ్లిష్ కాదనకండి. అర్థం వేరే ఉందంతే. "నేను వస్తుంటానని జనం చెప్పుకునేవాళ్లు" అని! దరఖాస్తులో అది చదివిన అధికారి ఏమనుకున్నాడో.

అనువాదకురాలు
నవ్వులాటకి అన్నా, రాత్రిపక్షి గారు అసలు విషయం పట్టుకున్నారు. ‘సెడ్ టు’ అనేది పూర్తిగా వేరే ఇల్లు. "హి ఈజ్ సెడ్ టు బి రిచ్" అంటే ఎవరో అతన్ని ధనవంతుడివి కమ్మని చెప్పలేదు. అతను ధనవంతుడట. ఆ ‘ట’ ఒక్క అక్షరంలో మనం చేసే పనికి ఇంగ్లిష్‌వాడు ఇంత సరంజామా మోస్తాడు: ‘ఈజ్ సెడ్ టు’, ‘ఈజ్ బిలీవ్డ్ టు’, ‘ఈజ్ థాట్ టు’, ‘ఈజ్ రిపోర్టెడ్ టు’, ‘ఈజ్ అలెజ్డ్ టు’, ‘ఈజ్ రూమర్డ్ టు’. మాట నాది కాదు, పూచీ నాది కాదు అని చెప్పుకునే ఉపాయాలు. వార్తలు రాసేవాళ్లకి ఇవి లేకపోతే పూట గడవదు.

విచిత్రం ఏంటంటే, పైన పాతకలం గారు చెప్పిన సూత్రం ఇక్కడ పనిచేయదు. "దే సే హిమ్ టు బి రిచ్" అనే వాక్యం లేదు. పాసివ్ మాత్రం నిక్షేపంలా ఉంది. ‘రూమర్డ్’కైతే మామూలు రూపమే వాడుకలో లేదు, ఎప్పుడు చూసినా పాసివ్ వేషంలోనే కనపడుతుంది. "దేర్ ఆర్ థాట్ టు బి సర్వైవర్స్" లాంటివి ఇంకా వింత, అక్కడ ముందు నిలబడ్డ ‘దేర్’ మనిషీ కాదు, వస్తువూ కాదు. అలాంటిదాన్ని కూడా ముందు నిలబెట్టగలుగుతున్నారంటే, ఈ కుటుంబంలో ముందున్న పదానికీ ‘సెడ్’కీ అర్థంలో చుట్టరికం లేదన్నమాట. చుట్టరికం అంతా వెనకున్న ఇన్ఫినిటివ్‌తోనే.

తెలుగులోకి తెచ్చేటప్పుడు దయచేసి ‘చెప్పబడుతోంది’, ‘భావించబడుతోంది’ అని రాయకండి. ‘అంటున్నారు’, ‘అనుకుంటున్నారు’, ‘సమాచారం’, ‘వినికిడి’, లేదా ఒట్టి ‘ట’. ఇన్ని ఉండగా ఆ ‘బడు’ ఎందుకండీ.

లెక్కలమాస్టారు
ఈ కుటుంబంలో నన్ను తిప్పలు పెట్టేది కాలం. రెండు గడియారాలు ఉంటాయి, ఒకటి అనడానికి, ఒకటి జరగడానికి. "హి ఈజ్ సెడ్ టు లివ్ అలోన్", ఇప్పుడు అంటున్నారు, ఇప్పుడే ఒంటరిగా ఉంటున్నాడు. "హి ఈజ్ సెడ్ టు హావ్ లివ్డ్ అలోన్", ఇప్పుడు అంటున్నారు, ఉండటం మాత్రం గతం. "హి వాజ్ సెడ్ టు లివ్ అలోన్", అనడమూ అప్పుడే, ఉండటమూ అప్పుడే. "హి వాజ్ సెడ్ టు హావ్ లివ్డ్ అలోన్", అప్పుడు అనుకున్నారు, అప్పటికే అది పాత కథ. మొదటి గడియారం ‘ఈజ్’, ‘వాజ్’ల దగ్గర. రెండోది మొదటిదాని కంటే వెనక ఉంటే ‘టు హావ్’ పడుతుంది. నాలుగు గళ్ల పట్టిక వేసుకుంటే చాలు.

"హి ఈజ్ సెడ్ టు లివ్డ్ అలోన్" అని రాసేవాళ్లు నాకు తరచూ తగులుతారు. ‘టు’ తర్వాత గతకాల రూపం రాదు, గతం కావాలంటే ‘హావ్’ని పిలవాల్సిందే.

సందేహాల_పుట్ట
నా ‘మేడ్ టు’ ఎక్కడికో వెళ్లిపోయింది గానీ, పర్లేదు, బాగుంది :) మరి ‘సపోజ్డ్ టు’? అదీ ఈ ‘ట’ కుటుంబమేనా? "యు ఆర్ సపోజ్డ్ టు బి హియర్ ఎట్ నైన్" అంటే తొమ్మిదికల్లా ఉంటావట అని కాదుగా.

పాతకలం
పుట్టింది ఆ ఇంట్లోనే, కాపురం వేరే చోట పెట్టింది. "దిస్ ఈజ్ సపోజ్డ్ టు బి ఎ గుడ్ బుక్" అంటే మంచి పుస్తకమట. పుట్టింటి అర్థం అదే. "యు ఆర్ సపోజ్డ్ టు బి హియర్ ఎట్ నైన్" అంటే ఉండాలి, అది నీ బాధ్యత. రెండో అర్థమే ఇప్పుడు మాటల్లో ఎక్కువ నలుగుతోంది. అందులోనూ గతంలో పెడితే ఒక దెప్పిపొడుపు చేరుతుంది. "యు వర్ సపోజ్డ్ టు కాల్" అన్నారంటే మీరు ఫోన్ చేయలేదనే. "నాట్ సపోజ్డ్ టు" అయితే చేయనక్కర్లేదని కాదు, చేయకూడదని.

రాసేటప్పుడు ‘డ్’ మింగకండి. ‘డ్’, ‘ట్’ పక్కపక్కన పడి ఒకటైపోవడం వల్ల చెవికి ‘సపోస్‌టు’ అనే వినపడుతుంది. ‘యూజ్డ్ టు’కీ ఇదే గతి.

చదువరి
‘యూజ్డ్ టు’ ఎత్తారు కాబట్టి: "ది నైఫ్ ఈజ్ యూజ్డ్ టు కట్ పేపర్", "ఐ యూజ్డ్ టు కట్ పేపర్", "ఐయామ్ యూజ్డ్ టు కటింగ్ పేపర్". మూడూ చూసి కళ్లు తిరుగుతున్నాయి.

లెక్కలమాస్టారు
మొదటిదొక్కటే పాసివ్. కత్తిని వాడతారు, దేనికి, కోయడానికి. అక్కడ మధ్యలో ‘జ్’ గట్టిగా పలుకుతుంది. రెండోది ఒకప్పుడు చేసేవాణ్ణని, మూడోది అలవాటైపోయిందని. ఆ రెండిట్లో పలికేది ‘యూస్ట్’. మూడోదాంట్లో ‘టు’ అసలు ఇన్ఫినిటివ్‌దే కాదు, అందుకే దాని తర్వాత ‘కటింగ్’ వచ్చింది.

వాదనప్రియుడు
అందరూ ‘సపోజ్డ్’ని పాసివ్ కింద జమకట్టేస్తున్నారు. నేనొప్పుకోను. ‘బి’ ఉండి, ‘ఎడ్’ ఉన్నంత మాత్రాన పాసివ్ అయిపోతుందా? "ఐ వాజ్ సర్‌ప్రైజ్డ్ టు సీ హర్" కూడా అలాగే ఉంది. "హి ఈజ్ బౌండ్ టు లూజ్" కూడా. "ఐయామ్ ఇన్‌క్లైన్డ్ టు అగ్రీ" కూడా. ఇవన్నీ విశేషణాలు. పరీక్ష కావాలంటే ‘వెరీ’ పెట్టి చూడండి. "వెరీ సర్‌ప్రైజ్డ్ టు సీ" కుదురుతుంది, "వెరీ టోల్డ్ టు కమ్" కుదరదు. ‘బి’ తీసి ‘సీమ్’ పెట్టండి: "హి సీమ్డ్ డిటర్మిన్డ్ టు విన్" బాగుంది, "హి సీమ్డ్ ఆస్క్డ్ టు విన్" బాగాలేదు. ‘సపోజ్డ్’ కూడా విశేషణంగా మారిపోయిన శాల్తీయే.

పాతకలం
సగం ఒప్పుకుంటాను. ‘సర్‌ప్రైజ్డ్’, ‘బౌండ్’ సంగతిలో మీతోనే ఉన్నా. ‘సపోజ్డ్’ దగ్గర కాస్త ఆగండి. "ఇట్ ఈజ్ సపోజ్డ్ బై మెనీ టు బి ది ఓల్డెస్ట్" అనొచ్చు కదా? అనుకునేవాళ్లని ‘బై’తో పిలవగలుగుతున్నామంటే అది ఇంకా బతికున్న పాసివే. "యు ఆర్ సపోజ్డ్ బై మెనీ టు బి హియర్ ఎట్ నైన్" మాత్రం కుదరదు. అంటే ‘ట’ అర్థంలో పాసివ్, ‘ఉండాలి’ అర్థంలో విశేషణం. మీ పరీక్షే దాన్ని రెండు ముక్కలు చేసింది.

వాదనప్రియుడు
‘బై మెనీ’ పుస్తకాల్లోనే కనిపిస్తుంది, నోటి మాటలో ఎవరంటారు? నా ఓటు విశేషణానికే.

ఉత్తరాల_గుమాస్తా
మీ కుస్తీ మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. "హి వాజ్ వాంటెడ్ టు కమ్", "ఐ వాజ్ ప్రామిస్డ్ టు రిటర్న్ ది ఫైల్". ఇవి కూడా వస్తుంటాయి. "దే వాంటెడ్ హిమ్ టు కమ్" ఉంది కదా, మనిషి క్రియ పక్కనే ఉన్నాడు కదా, మరెందుకు తిరగదు?

పాతకలం
‘వాంట్’, ‘లైక్’, ‘హేట్’, ‘ప్రిఫర్’ ఈ ఇన్ఫినిటివ్‌తో పాసివ్‌లోకి రావు. కోరిక క్రియల మొండితనం అది, బట్టీ పట్టడమే. "దే వాంటెడ్ హిమ్ టు కమ్" అనే ఉంచేయండి. పోలీసులు వెతుకుతున్న మనిషి ‘వాంటెడ్’ అయితే అవుతాడు, అది వేరే సంగతి.

‘ప్రామిస్’కి మాత్రం కారణం చెప్పొచ్చు. "హి పర్‌సుయేడెడ్ మి టు రిటర్న్ ది ఫైల్" అంటే ఫైలు తెచ్చిచ్చేది నేను. "హి ప్రామిస్డ్ మి టు రిటర్న్ ది ఫైల్" అంటే తెచ్చిచ్చేది అతను. ‘మి’ అక్కడ ఉన్నా పని దానిది కాదు. పాసివ్‌లో ‘ఐ’ ముందుకొచ్చి కూర్చుంటే వినేవాడు పని కూడా దానికే అంటగడతాడు, అర్థం తారుమారవుతుంది. ఇలా ఇన్ఫినిటివ్‌లోని పని కర్తదే అయ్యే క్రియలు పాసివ్‌కి రావని డచ్ పండితుడు విసర్ గమనించాడు. ఆయన పేరు మీదే ‘విసర్ జనరలైజేషన్’ అంటారు, ఆ పేరుతో 1982లో భాషాశాస్త్రవేత్త జోన్ బ్రెస్నన్ చర్చలోకి తెచ్చింది. "హి ప్రామిస్డ్ దట్ హి వుడ్ రిటర్న్ ది ఫైల్" అని దిద్దేయండి.

రాత్రిపక్షి
‘నాట్’ ఎక్కడ పెట్టాలన్నది కూడా ఎవరైనా ఎత్తుతారేమో అని చూస్తున్నా. "ఐ వాజ్ నాట్ టోల్డ్ టు లాక్ ది డోర్": తలుపుకి తాళం వేయమని నాకెవరూ చెప్పలేదు. "ఐ వాజ్ టోల్డ్ నాట్ టు లాక్ ది డోర్": వేయొద్దని చెప్పారు. దొంగతనం జరిగాక విచారణలో ఈ రెండిటికీ ఎంత తేడానో ఊహించుకోండి. ‘థాట్’, ‘ఎక్స్‌పెక్టెడ్’లతో ఈ పేచీ లేదు. "హి ఈజ్ నాట్ ఎక్స్‌పెక్టెడ్ టు విన్" అన్నా, గెలవడనే అనుకుంటున్నారని అర్థమవుతుంది.

అనువాదకురాలు
‘ఎక్స్‌పెక్టెడ్’కి ఇంకో ముఖం కూడా ఉందండోయ్. "ప్రైసెస్ ఆర్ ఎక్స్‌పెక్టెడ్ టు రైజ్" అంటే అంచనా. "స్టాఫ్ ఆర్ ఎక్స్‌పెక్టెడ్ టు వేర్ బ్యాడ్జెస్" అంటే ఆజ్ఞ, మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చిన ఆజ్ఞ. రెండోదాన్ని ‘సిబ్బంది బ్యాడ్జీలు పెట్టుకుంటారని అంచనా’ అని తెలుగు చేసిన సర్క్యులర్ నేను కళ్లారా చూశాను.

లెక్కలమాస్టారు
కోర్టు కాగితాల్లో "ది ఆర్డర్ ఈజ్ సాట్ టు బి చాలెంజ్డ్" (‘సీక్’ నుంచి వచ్చిన ‘సాట్’), సర్కారు కాగితాల్లో "ఈజ్ ప్రపోజ్డ్ టు బి హెల్డ్" తెగ కనిపిస్తాయి. రెండు పాసివ్‌లు ఒకదాని మీద ఒకటి. తప్పా?

పాతకలం
ఇంగ్లిష్ వాడుక మీద పేరున్న పుస్తకం రాసిన ఫౌలర్ 1926లోనే దీన్ని ‘డబుల్ పాసివ్’ అని పేరు పెట్టి చీవాట్లు పెట్టాడు. ఆయన తర్కం సులువు. "హి ఆర్డర్డ్ ది గేట్ టు బి క్లోజ్డ్" వాక్యమే కాబట్టి "ది గేట్ వాజ్ ఆర్డర్డ్ టు బి క్లోజ్డ్" కూడా వాక్యమే. "హి అటెంప్టెడ్ ది గేట్ టు బి క్లోజ్డ్" ఇంగ్లిష్ కాదు కాబట్టి "ది గేట్ వాజ్ అటెంప్టెడ్ టు బి క్లోజ్డ్" కూడా కాదు. ‘సాట్ టు బి’ రెండో బాపతే, కానీ లాయర్ల భాషలో పాతుకుపోయింది, పీకలేం. మీరు రాసేటప్పుడు మాత్రం ఎవరు చేయబోతున్నారో వాళ్లని ముందుకు తెచ్చేయండి: "ది కమిటీ ప్రపోజెస్ టు హోల్డ్". సగం బరువు దిగిపోతుంది.

చదువరి
"దిస్ నీడ్స్ టు బి చెక్డ్", "దిస్ నీడ్స్ చెకింగ్" రెండిట్లో ఏది సరైందో కూడా చెప్పేయండి.

పాతకలం
రెండూ సరైనవే, అర్థం ఒకటే. మాటల్లో రెండోది తేలిగ్గా నడుస్తుంది. "నీడ్స్ బీయింగ్ చెక్డ్" అని మాత్రం రాయకండి. ‘చెకింగ్’లోనే పాసివ్ అర్థం దాగి ఉంది, మళ్లీ ‘బీయింగ్’ అక్కర్లేదు.

చదువరి
సరేనండి. ‘హావ్ టు బి’, ‘గాట్ టు బి’ల గురించి వేరే దారం తెరుస్తాను, ఇది ఇప్పటికే చాంతాడంత అయింది.